కంప్యూటర్‌లో సంగీతం వినడానికి చవకైన చిన్న యూఎస్‌బీ డాక్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్ అంటే ఏమిటి? నా కంప్యూటర్‌లో అది ఇదివరకే లేదా?

కంప్యూటర్‌లో పాట అంకెల వరుసగా నిల్వ ఉంటుంది. హెడ్‌ఫోన్‌లోని పలుచని పొరను కదిలించడానికి మాత్రం ఎడతెగకుండా హెచ్చుతగ్గులయ్యే వోల్టేజీ కావాలి. ఆ అంకెలను ఈ వోల్టేజీగా మార్చే భాగమే డాక్ (DAC, డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్). హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక డాక్ ఉండనే ఉంటుంది. లేకపోతే ఏమీ వినిపించదు. కాబట్టి యూఎస్‌బీ డాక్ కొనడమంటే లేనిదాన్ని తెచ్చుకోవడం కాదు, మదర్‌బోర్డు మీద ఉన్నదాన్ని పక్కన పెట్టి అదే పనిని బయటి పరికరానికి అప్పగించడం.

ఈ పేజీలో చెప్పుకునేవి బొటనవేలంత పరిమాణంలో ఉండి, యూఎస్‌బీ పోర్టు నుంచే విద్యుత్తు తీసుకుంటూ, రెండో చివర 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉండే చవకైన పరికరాలు. చాలామంది వీటిని డాంగిల్ అని కూడా అంటారు. వీటిలో డాక్‌తో పాటు హెడ్‌ఫోన్లను నడపడానికి ఒక చిన్న ఆంప్లిఫయర్ కూడా ఉంటుంది. ఈ రెండింటి పనినీ విడివిడిగా చూడకపోవడం వల్లనే కింది ప్రశ్నల్లో సగం పుడతాయి.

అయితే విడిగా కొనవలసిన అవసరం ఎవరికి ఉంటుంది?

ఇప్పుడున్న జాక్‌లో ఏదో ఒక లోపం స్పష్టంగా వినిపిస్తున్నవారికి. మదర్‌బోర్డు మీద ఆడియో చిప్, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, వాటికి విద్యుత్తును అందించే స్విచింగ్ రెగ్యులేటర్లు అన్నీ ఒకే పలక మీద ఇరుకుగా అమరి ఉంటాయి. వాటి విద్యుత్ అలజడి ఆడియో మార్గంలోకి చొరబడినప్పుడు, మౌస్ కదిలించినా, బరువైన వెబ్‌పేజీని కిందికి జరిపినా హెడ్‌ఫోన్లలో సన్నగా కీచుమనే శబ్దం వస్తుంది. డెస్క్‌టాప్ ముందువైపు జాక్‌లలో ఈ బెడద మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడికి వెళ్లే తీగ పెట్టె లోపల చాలా దూరం ప్రయాణిస్తుంది. ఇలాంటి రొదకు బయటి డాక్ చాలాసార్లు పూర్తి పరిష్కారం అవుతుంది. జాక్ వదులైపోయి ఒక చెవిలోనే వినిపిస్తున్నా, అసలు జాక్ లేకపోయినా, వాల్యూమ్ పూర్తిగా పెంచినా శబ్దం చాలకపోయినా కొనడానికి కారణం ఉన్నట్టే.

పైవేవీ లేకుండా, "ఇంకా బాగా వినిపిస్తుందేమో" అన్న ఆశతో మాత్రమే కొనేవారికి నిరాశే ఎక్కువగా ఎదురవుతుంది. ఒక హెడ్‌ఫోన్‌కూ మరో హెడ్‌ఫోన్‌కూ మధ్య కొన్ని ధ్వని శ్రేణుల్లో ఐదారు డెసిబెళ్ల తేడా ఉండటం మామూలే. సరిగ్గా పనిచేస్తున్న రెండు డాక్‌ల మధ్య తేడా అందులో పదో వంతు కూడా ఉండదు. చేతిలో ఉన్నది ఒక్క కొనుగోలుకు సరిపడే డబ్బే అయితే దాన్ని హెడ్‌ఫోన్ల మీద పెట్టమనే చెబుతాను.

లోపం ఎక్కడుందో కొనకముందే తెలుసుకోవడం ఎలా?

మామూలుగా వినే స్థాయిలో వాల్యూమ్ ఉంచి, పాటను ఆపి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినండి. మౌస్ కదిలించండి, పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి మళ్లీ పెట్టండి. కీచుమనడం, గురగురలాడటం పనిని బట్టి మారుతూ ఉంటే అది కంప్యూటర్ లోపలి అలజడే. పని ఏదైనా మారకుండా ఒకే తీరుగా "స్స్" అనే శబ్దం వస్తుంటే అది జాక్ వెనుక ఉన్న ఆంప్లిఫయర్ సొంత రొద. చెవి లోపలికి దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లలో ఇది ఎక్కువగా బయటపడుతుంది.

ఒకే పాటలో శబ్దం పగిలినట్టు ఉండి మిగిలినవి బాగుంటే తప్పు ఆ రికార్డింగులోనిది. ఏ డాక్ దాన్ని బాగుచేయలేదు. అన్ని పాటలూ విచిత్రంగా, గుహలో పాడినట్టు వినిపిస్తే విండోస్ సౌండ్ సెట్టింగులలో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు ఆన్ అయి ఉన్నాయేమో చూడండి. ల్యాప్‌టాప్ తయారీదారులు తమ సొంత "సరౌండ్" సాఫ్ట్‌వేరును ముందే ఎక్కించి పంపడం సర్వసాధారణం. అది ఆపేయడంతోనే సమస్య తీరి, కొనుగోలు ఆలోచన విరమించుకునేవారూ ఉంటారు.

ఇంత చిన్న, ఇంత చవక పరికరం నిజంగా మంచి నాణ్యత ఇవ్వగలదా?

ఇవ్వగలదు. ఇరవయ్యేళ్ల కిందట అయితే ఈ జవాబు ఇంత ధీమాగా వచ్చేది కాదు. అప్పటి చిన్న యూఎస్‌బీ పరికరాల్లో తరచుగా కనిపించినవి పీసీఎం2704 వంటి బర్-బ్రౌన్ చిప్‌లు. అవి ధ్వని ఒక్కో కొలతకు 16 బిట్లకు, సెకనుకు 48 వేల కొలతలకు (48 కిలోహెర్ట్జ్) మించి పోలేవు. 2011లో పేరు వెల్లడించని ఒక ఇంజినీరు ఓ2 అనే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌ను, మరుసటి ఏడాది దానికి తోడుగా ఓడాక్ అనే చిన్న డాక్‌ను రూపొందించి, కొలతలన్నీ బయటపెట్టి, మంచి ధ్వనికి ఖరీదైన భాగాలు అక్కర్లేదని చూపించారు. అదే 2012లో ఆడియోక్వెస్ట్ సంస్థ డ్రాగన్‌ఫ్లైతో పెన్‌డ్రైవ్ ఆకారపు డాక్ అనే ఆలోచనకు ప్రచారం వచ్చింది.

అసలు మలుపు మాత్రం సంగీతప్రియుల వల్ల రాలేదు, ఫోన్ల వల్ల వచ్చింది. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ జాక్ మాయమైంది. తర్వాత మిగిలిన తయారీదారులూ అదే దారి పట్టారు. దాంతో కోట్ల సంఖ్యలో చిన్న అడాప్టర్లు అవసరమయ్యాయి. యూఎస్‌బీ రిసీవరు, డాక్, ఆంప్లిఫయర్, వోల్టేజీ రెగ్యులేటరు అన్నీ ఒకే చిప్‌లో కుదించి, భారీ సంఖ్యలో తయారు చేయడం మొదలైంది. 2018లో ఆపిల్ విడుదల చేసిన యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టరు చూడటానికి ఒక తీగముక్కలా ఉంటుంది. దాని రొద, వక్రీకరణల కొలతలు మాత్రం సీడీ నాణ్యతకు సరిపోయే స్థాయిలో ఉన్నాయి. దానికి ఎన్నో రెట్లు ఖరీదైన పరికరాలు కొలతల్లో ఇంకా ముందున్న మాట నిజమే. అయితే ఆ అదనం చెవికి అందే హద్దు దాటిన తర్వాతి అదనం.

పెట్టె మీద 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ అని రాసి ఉంది. పెద్ద అంకె ఉన్నది కొనాలా?

అక్కర్లేదు. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌తో పనిచేస్తుంది. శాంప్లింగ్ సిద్ధాంతం ప్రకారం ఒక శాంప్లింగ్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్నది) దానిలో సగం వరకూ ఉన్న పౌనఃపున్యాలను లోపం లేకుండా పట్టుకోగలదు. అంటే సీడీకి ఆ హద్దు 22.05 కిలోహెర్ట్జ్. మనిషి వినికిడికి పై హద్దు 20 కిలోహెర్ట్జ్ అంటారు గాని, అది బాల్యంలోని మాట. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15 కిలోహెర్ట్జ్ కూడా వినిపించదు. ఇక ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెళ్ల పరిధిని ఇస్తుంది. 16 బిట్లకు సుమారు 96 డెసిబెళ్లు. 24 బిట్లకు లెక్క ప్రకారం 144 రావాలి, కానీ ఉష్ణోగ్రత వల్ల ఎలక్ట్రానిక్ భాగాల్లో తప్పనిసరిగా పుట్టే రొద కారణంగా ఏ ఆడియో డాక్ కూడా అక్కడికి చేరలేదు. 32 బిట్లు అన్నది డాక్ స్వీకరించే సంఖ్య పొడవే తప్ప, అది వినిపించే సూక్ష్మతకు కొలత కాదు.

సీడీ కన్నా పెద్ద అంకెలున్న హై రిజల్యూషన్ ఫైళ్ల తేడా వినిపిస్తుందా అన్న చర్చ పాతదే. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. అలాంటి హై రిజల్యూషన్ ధ్వని ఉండే ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కులను నేరుగానూ, దారిలో సీడీ ప్రమాణానికి కుదించీ వినిపిస్తే, 554 ప్రయత్నాల్లో 276 సార్లు మాత్రమే శ్రోతలు సరిగ్గా గుర్తించారు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ ఇలాంటి పరీక్షలెన్నింటినో కలిపి విశ్లేషించి, గుర్తించగల శక్తి సగటున 52.3 శాతమని తేల్చారు. అందులో గణాంక దృష్టితో ఏదో ఉందని ఒప్పుకున్నా, కొనుగోలుకు అది ఆధారం కాదు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ అందుకోగల ఏ డాక్ అయినా పాటలు వినడానికి ఎప్పటికీ చాలు.

ఏ చిప్ మంచిది?

ఈఎస్ఎస్, సిరస్ లాజిక్, ఏకేఎం, రియల్‌టెక్ వంటి సంస్థల చిప్‌లు ఈ డాంగిళ్లలో కనిపిస్తాయి, ఇవన్నీ సమర్థమైనవే. ప్రకటనల్లో చిప్ పేరును పెద్ద అక్షరాల్లో వేయడం వల్ల ధ్వని అంతా అక్కడే ఉందని అనిపిస్తుంది. మంచి కలం కొన్నంత మాత్రాన దస్తూరి కుదురుగా రాదు. ఒకే చిప్ ఉన్న రెండు పరికరాల్లో ఒకటి నిశ్శబ్దంగా, మరొకటి రొదగా ఉండటానికి కారణం విద్యుత్ సరఫరాను శుభ్రం చేసిన తీరు, సర్క్యూట్ పలక అమరిక, ఆంప్లిఫయర్ దశ. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయొకాలో ఉన్న ఏకేఎం కర్మాగారం అగ్నిప్రమాదానికి గురై చిప్‌ల కొరత వచ్చినప్పుడు పలు సంస్థలు తమ పరికరాలను వేరే చిప్‌లతో మళ్లీ రూపొందించుకున్నాయి; సంగీతానికి ఏ లోటూ రాలేదు. చిప్ పేరు కన్నా, ఆ పరికరాన్ని ఎవరైనా స్వతంత్రంగా కొలిచి ఫలితాలు ప్రచురించారా అన్నది చూడటం మేలు.

నా హెడ్‌ఫోన్లను అది సరిగ్గా నడపగలదా?

అన్నిటికన్నా శ్రద్ధగా లెక్క చూసుకోవలసిన ప్రశ్న ఇదే. రెండు అంకెలు కావాలి: హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) ఎన్ని ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత శబ్దం చేస్తుందన్నది) ఎన్ని డెసిబెళ్లు. డాంగిల్ వైపు నుంచి గరిష్ఠ వోల్టేజీ తెలియాలి. చిన్న డాంగిళ్లలో అది సాధారణంగా 1 వోల్టు, శక్తిమంతమైన వాటిలో 2 వోల్టులు. వోల్టేజీని దానితోనే హెచ్చించి, ఇంపెడెన్స్‌తో భాగిస్తే శక్తి వస్తుంది.

1 వోల్టు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అనుకుందాం. 1ని 32తో భాగిస్తే 0.031 వాట్, అంటే 31 మిల్లీవాట్లు. 1 మిల్లీవాట్‌కు 100 డెసిబెళ్ల సెన్సిటివిటీ ఉంటే, 31 రెట్ల శక్తి మరో 15 డెసిబెళ్లను కలుపుతుంది. మొత్తం 115 డెసిబెళ్ల శిఖరం. అది అవసరానికి మించినదే గాక, చెవికి ప్రమాదకరం కూడా. అదే డాంగిల్‌కు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే 3.3 మిల్లీవాట్లే వస్తాయి. సెన్సిటివిటీ అంతే ఉంటే శిఖరం 105 డెసిబెళ్ల దగ్గర ఆగుతుంది. చాలా సంగీతానికి ఇదీ సరిపోతుంది. కాకపోతే తక్కువ స్థాయిలో రికార్డు చేసిన శాస్త్రీయ కచేరీలకు వాల్యూమ్ ఇంకాస్త ఉంటే బాగుండుననిపిస్తుంది. 2 వోల్టుల పరికరం అయితే 13 మిల్లీవాట్లతో 111 డెసిబెళ్లకు చేరి ఆ కొరత తీరుస్తుంది.

ఇక్కడొక ఉచ్చు ఉంది. కొందరు తయారీదారులు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కు చెబుతారు, మరికొందరు వోల్టుకు చెబుతారు. 32 ఓమ్‌ల దగ్గర ఈ రెండింటికీ తేడా 15 డెసిబెళ్లు, 300 ఓమ్‌ల దగ్గర 5 డెసిబెళ్లు. ప్రమాణం చూడకుండా రెండు హెడ్‌ఫోన్లను పోలిస్తే తీర్పు తలకిందులవుతుంది. మరో సంగతి: ఒకే డాంగిల్‌కు ప్రాంతాన్ని బట్టి రెండు రూపాలు ఉండవచ్చు. పైన చెప్పిన ఆపిల్ అడాప్టరు యూరప్‌లో అమ్మే రూపం సుమారు అర వోల్టే ఇస్తుంది, అంటే 6 డెసిబెళ్లు తక్కువ.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ గురించి ఎందుకంత పట్టింపు?

ఎందుకంటే అది, అంటే జాక్ వెనుక ఉన్న ఆంప్లిఫయర్ సొంత అడ్డు, ధ్వని సమతూకాన్నే మార్చగలదు, ఆ మార్పు నిజంగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకేలా ఉండదు. ఒక్కో చెవిలో నాలుగైదు చిన్న డ్రైవర్లు (ధ్వని పుట్టించే భాగాలు) ఉన్న ఇయర్‌ఫోన్లలో అది ఒకచోట 10 ఓమ్‌లు, మరోచోట 40 ఓమ్‌లు ఉండవచ్చు. వాటిని 20 ఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న జాక్‌కు తగిలిస్తే, లెక్క ప్రకారం ఆ రెండుచోట్ల మధ్య 6 డెసిబెళ్ల తేడా పుడుతుంది. అదే 1 ఓమ్ ఉన్న డాంగిల్‌తో తేడా 0.6 డెసిబెళ్లకు పడిపోతుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్న స్థూల నియమం ఇలాంటి లెక్కల నుంచే వచ్చింది. డాక్ మార్చగానే ధ్వని పూర్తిగా మారిపోయిందని చెప్పేవారిలో కొందరి అనుభవం వెనుక ఉన్నది డాక్ చిప్ కాదు, ఈ అంకె.

బ్యాలెన్స్‌డ్ 4.4 మిల్లీమీటర్ల జాక్ ఉన్నది తీసుకోవాలా?

బ్యాలెన్స్‌డ్ జాక్‌లో రెండు చెవులకూ వేర్వేరు జతల తీగలు ఉండి, ఒక్కో జతను రెండు ఆంప్లిఫయర్లు ఎదురెదురు దిశల్లో నడుపుతాయి. దానివల్ల వోల్టేజీ రెట్టింపు అవుతుంది, అంటే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. కష్టంగా కదిలే హెడ్‌ఫోన్లున్నవారికి అది ఉపయోగం. స్టూడియోల్లో పొడవైన మైకు తీగలకు బ్యాలెన్స్‌డ్ పద్ధతి ఇచ్చే రొద నివారణ మీటరున్నర హెడ్‌ఫోన్ తీగ విషయంలో లెక్కలోకి రాదు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి: బ్యాలెన్స్‌డ్ జాక్ నుంచి మామూలు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌కు మార్చే అడాప్టరు వాడకండి. మామూలు ప్లగ్‌లో రెండు చెవులకూ గ్రౌండ్ ఒక్కటే కాబట్టి రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయి పరికరం పాడయ్యే అవకాశం ఉంది.

డ్రైవరు సాఫ్ట్‌వేరు వేయాలా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ప్రమాణం మొదటి రూపం 1998 నాటిది. 12 మెగాబిట్ల వేగంతో పనిచేసే ఇలాంటి పరికరాలు సాధారణంగా 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ దాకా పోగలవు. అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వాటిని తగిలించగానే గుర్తిస్తాయి. అంతకన్నా పైకి పోయేవి ఆ ప్రమాణం రెండో రూపాన్ని వాడతాయి. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ దీనికి చాలాకాలంగా మద్దతు ఉంది. విండోస్‌లో మాత్రం 2017లో వచ్చిన విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తోనే అంతర్గత డ్రైవరు వచ్చింది. పాత విండోస్ వాడుతున్నవారు మొదటి రూపంలో పనిచేసే పరికరాన్ని ఎంచుకుంటే ఏ తలనొప్పీ ఉండదు.

విండోస్‌లో శాంప్లింగ్ రేటు ఎంత పెట్టుకోవాలి?

మీరు వినే పాటల్లో ఎక్కువ భాగం సీడీ మూలం అయితే 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, వీడియోలు ఎక్కువగా చూస్తే 48. మామూలు పద్ధతిలో విండోస్ అన్ని ప్రోగ్రాముల ధ్వనినీ కలిపి మీరు ఎంచుకున్న రేటుకు మార్చి పంపుతుంది. ఈ మార్పిడిని తప్పించాలంటే ప్లేయర్‌లో వసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఎంచుకోవచ్చు. అప్పుడు ఆ ఒక్క ప్రోగ్రామే డాక్‌ను పట్టుకుంటుంది, మిగిలినవాటి శబ్దం రాదు. మ్యాక్‌లో ఆడియో మిడీ సెటప్ అనే ఉపకరణంలో రేటు మార్చుకోవాలి. ఇప్పటి మార్పిడి పద్ధతులు మెరుగ్గానే ఉన్నాయి, దీనికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

వాల్యూమ్ ఎక్కడ తగ్గించాలి? కంప్యూటర్‌లో తగ్గిస్తే నాణ్యత పోతుందంటారు.

అది 16 బిట్ల పరికరాల కాలం నాటి భయం. 24 బిట్ల మార్గంలో 16 బిట్ల పాటకు కింద 8 బిట్ల ఖాళీ ఉంటుంది; అంటే 48 డెసిబెళ్లు తగ్గించేదాకా పాటలోని ఒక్క బిట్ కూడా తెగిపోదు. హెడ్‌ఫోన్లతో వింటున్నప్పుడు కంప్యూటర్ వాల్యూమ్‌తోనే నియంత్రించుకోవచ్చు. సొంత వాల్యూమ్ నాబ్ ఉన్న స్పీకర్లకు కలిపినప్పుడు కంప్యూటర్‌లో 80 నుంచి 90 శాతం దగ్గర ఉంచి, మిగిలినది స్పీకర్ల దగ్గర చూసుకోవడం మంచిది. పూర్తిగా 100 ఎందుకు వద్దంటే, ఇటీవలి రికార్డింగులు ఎంత గట్టిగా మాస్టరింగ్ చేసి ఉంటాయంటే, రెండు శాంపిళ్ల మధ్య తిరిగి నిర్మించే తరంగం గరిష్ఠ హద్దును దాటి శిఖరాలు తెగిపోయే సందర్భాలున్నాయి. రెండు మూడు డెసిబెళ్ల వెసులుబాటు దీనికి చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, కొత్త డాంగిల్‌ను మొదటిసారి తగిలించేటప్పుడు వాల్యూమ్ బాగా తగ్గించి, చెవులకు పెట్టుకోకముందే ఒకసారి పాట నడిపి చూడండి. కొన్ని పరికరాలు పాత సెట్టింగును పట్టించుకోకుండా పూర్తి శబ్దంతో మొదలవుతాయి. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి చెప్పిన హద్దు. డాంగిళ్ల శక్తి ఆ హద్దును అలవోకగా దాటగలదని పై లెక్కల్లోనే చూశాం.

డాక్‌ను స్పీకర్లకు కలిపితే "హుమ్" అంటోంది. డాక్ పాడైందా?

చాలావరకు కాదు. కంప్యూటర్ ఛార్జరుకూ స్పీకర్లకూ వేర్వేరు ఎర్త్ మార్గాలు ఉండి, ఆడియో తీగ వాటిని కలిపినప్పుడు గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. ఆ వలయంలో పారే చిన్న కరెంటే 50 లేదా 60 హెర్ట్జ్ హుంకారంగానో, కంప్యూటర్ పనిని బట్టి మారే గురకగానో వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు తీయగానే శబ్దం ఆగిపోతే రోగ నిర్ధారణ అయినట్టే. చాలామంది ఈ సమస్యకోసమే డాక్ కొని, అది తగ్గకపోవడంతో మరింత ఖరీదైనది కొంటారు. యూఎస్‌బీ తీగలోని గ్రౌండ్ అలాగే ఉన్నంతవరకు ఏ ధరకు కొన్నా లూప్ పోదు.

చేయవలసినవి వరుసగా చెబుతాను. ముందు కంప్యూటర్, స్పీకర్లు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి చూడండి. తగ్గకపోతే ఆడియో తీగ మధ్యలో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ వాడవచ్చు. చవక రకాలు లోతైన బేస్‌ను కొద్దిగా మింగేస్తాయి. యూఎస్‌బీ ఐసొలేటర్ మరో దారి. అయితే ఏడీయూఎం4160 వంటి చిప్‌లతో చేసిన చవక ఐసొలేటర్లు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం కాబట్టి ఆడియో క్లాస్ మొదటి రూపంలో నడిచే డాక్‌లకే పనికొస్తాయి. కంప్యూటర్‌కు ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే, ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్ ఈ చిక్కును మొదలంటా తెంచేస్తుంది, ఎందుకంటే కాంతి ద్వారా గ్రౌండ్ ప్రయాణించదు. స్పీకర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్‌ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ప్రాణాపాయం.

మధ్యమధ్యలో టప్‌మని శబ్దాలు, తెగిపోవడాలు వస్తున్నాయి. ఎందుకు?

యూఎస్‌బీలో ఆడియో ప్రయాణించే పద్ధతి ఫైళ్ల కాపీ వంటిది కాదు. ఫైలు ముక్క పాడైతే మళ్లీ పంపుతారు. ఆడియోకు మాత్రం సమయం తప్పకపోవడమే ముఖ్యం కాబట్టి, పోయిన ముక్క పోయినట్టే. అందుకే లోపం ఉంటే మసకగా కాక, టప్‌మని స్పష్టంగానే వినిపిస్తుంది. డాక్‌ను హబ్ నుంచి తీసి నేరుగా కంప్యూటర్ పోర్టుకు పెట్టడం, వేరే పోర్టు ప్రయత్నించడం, విండోస్ పవర్ సెట్టింగులలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపడం, ప్లేయర్‌లో బఫర్ పెంచడం మొదట చేయవలసిన పనులు. అయినా వస్తుంటే వైఫై లేదా గ్రాఫిక్స్ డ్రైవరు ప్రాసెసర్‌ను ఎక్కువసేపు ఆక్రమిస్తూ ఉండవచ్చు. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాము ఏ డ్రైవరు దోషో చూపిస్తుంది.

పాట మొదలయ్యే ముందు, ఆగిన కాసేపటికి మాత్రమే టిక్కుమంటే అది లోపం కాదు. విద్యుత్తు ఆదా కోసం డాంగిల్ నిద్రపోయి లేస్తోంది.

జిట్టర్ తగ్గించడానికి మంచి యూఎస్‌బీ తీగ కొనాలా?

అక్కర్లేదు. శాంపిళ్ల మధ్య కాలవ్యవధిలో వచ్చే సూక్ష్మమైన తడబాటును జిట్టర్ అంటారు. పాత పరికరాలు కంప్యూటర్ పంపే లయను అనుసరించి తమ గడియారాన్ని సర్దుకునేవి. ఇప్పటి చాలా డాక్‌లలో అసింక్రనస్ పద్ధతి ఉంది: తమలోని క్రిస్టల్ గడియారమే యజమాని, "కాస్త వేగంగా పంపు, కాస్త నెమ్మదిగా పంపు" అని డాక్ కంప్యూటర్‌ను ఆదేశిస్తుంది. తీగకు ఆ గడియారంతో సంబంధం లేదు. 5 మీటర్లకు మించని, యూఎస్‌బీ 2.0 ప్రమాణానికి తగిన ఏ తీగైనా సరిపోతుంది.

ఎంక్యూఏ, డీఎస్‌డీ మద్దతు ఉండాలా?

ఎంక్యూఏ అనే సంగీత ఫైల్ ఫార్మాట్ కోసం ఇప్పుడు అదనంగా చెల్లించడం వృథా. దాన్ని రూపొందించిన సంస్థ 2023లో దివాలా పరిపాలనలోకి వెళ్లింది, దాన్ని ప్రధానంగా వాడిన టైడల్ అనే పాటల సేవ 2024లో ఫ్లాక్ అనే మరో ఫార్మాట్‌కు మారింది. డీఎస్‌డీ (ఎస్ఏసీడీ డిస్కులలో వాడే ఫార్మాట్) ఫైళ్లు మీ దగ్గర నిజంగా ఉంటే తప్ప దాని ప్రస్తావనను పట్టించుకోవద్దు. ఉన్నా, ప్లేయరు వాటిని పీసీఎంగా, అంటే సీడీలో వాడే మామూలు రూపంలోకి, మార్చి వినిపించగలదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లకు ఇది ఉపయోగపడుతుందా?

ఉపయోగపడదు. వాటిలో డాక్, ఆంప్లిఫయర్ హెడ్‌ఫోన్ లోపలే ఉంటాయి. నేరుగా యూఎస్‌బీ తీగతో వచ్చే హెడ్‌ఫోన్లకూ ఇదే జవాబు.

అదే డాంగిల్‌ను ఫోన్‌కు వాడుకోవచ్చా?

యూఎస్‌బీ-సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్ 15 నుంచి వచ్చిన ఐఫోన్లలో చాలావరకు పనిచేస్తాయి. శక్తిమంతమైన డాంగిళ్లు బ్యాటరీని త్వరగా తాగేస్తాయి, చేతికి వేడిగానూ తగులుతాయి. కంప్యూటర్‌లోనూ ఆ గోరువెచ్చదనం మామూలే. ఆపిల్ అడాప్టరును ఆండ్రాయిడ్‌కు తగిలించినప్పుడు శబ్దం మరీ తక్కువగా రావడం తెలిసిన చిక్కే. అడాప్టరులోని అంతర్గత వాల్యూమ్ కింది స్థాయిలోనే ఉండిపోవడం దానికి కారణం. యూఎస్‌బీ డాక్‌ను తమ సొంత డ్రైవరుతో నడిపే ప్లేయర్ యాప్‌లు దాన్ని పెంచగలవు. కంప్యూటర్‌లో ఈ ఇబ్బంది లేదు. మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు వాడేవారు డాంగిల్ మైకును అందుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. సంగీతం కోసమే చేసిన కొన్నింటిలో ఆ ఏర్పాటు ఉండదు.

పాత జాక్‌నూ కొత్త డాక్‌నూ నిజాయితీగా పోల్చడం ఎలా?

శబ్ద స్థాయిని సమం చేయకుండా పోలిస్తే ఆ పోలిక చెల్లదు. అర డెసిబెల్ ఎక్కువగా ఉన్నది "గట్టిగా" అనిపించదు, "స్పష్టంగా, నిండుగా" అనిపిస్తుంది. డాంగిల్ అవుట్‌పుట్ పాత జాక్ కన్నా ఎక్కువ అయితే అది ముందే గెలిచినట్టు. 1 కిలోహెర్ట్జ్ టెస్ట్ టోన్ నడిపి, హెడ్‌ఫోన్లు తగిలించి ఉండగానే మల్టీమీటరుతో రెండింటి ఏసీ వోల్టేజీ కొలిచి సమం చేయవచ్చు. చాలా చవక మల్టీమీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర సరిగా చూపవు. అప్పుడు 50 లేదా 100 హెర్ట్జ్ టోన్ వాడండి. ఆ తర్వాత మీకు కనిపించకుండా మరొకరు తీగ మారుస్తూ ఉంటే, ఏది ఏదో కాగితం మీద రాయండి. పదిసార్లలో తొమ్మిది సరిగ్గా వస్తే తేడా ఉన్నట్టే లెక్క. ఐదో ఆరో వస్తే కొత్తదాన్ని తిరిగి ఇచ్చే గడువు ఎప్పటివరకుందో చూసుకోండి.

ఎంతకాలం పనిచేస్తుంది? ముందు ఏది పాడవుతుంది?

చిప్‌లు అంత తొందరగా చెడిపోవు, తీగ చెడుతుంది. పొట్టి తీగ ఉన్న రకాల్లో ప్లగ్ దగ్గర మడత పడేచోట లోపలి సన్నని తీగలు తెగి, కదిపినప్పుడల్లా ఒక చెవిలో శబ్దం పోతుంటుంది. తీగ విడదీసి మార్చుకోగల రకం దొరికితే అదే తీసుకోండి. తీగ లేకుండా నేరుగా పోర్టులో దూరే పెన్‌డ్రైవ్ ఆకారపు రకాలకు వేరే గండం ఉంది: ల్యాప్‌టాప్ పక్కన పొడుచుకొని ఉన్న డాంగిల్‌కు చెయ్యి తగిలితే దానితో పాటు పోర్టు కూడా వదులవుతుంది, ఆ మరమ్మతు ఖర్చు డాంగిల్ ధరను సులభంగా మించుతుంది. అలాంటిదానికి ఒక జానెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తగిలించి, డాంగిల్‌ను బల్ల మీద పడుకోబెట్టి వాడండి.